ఇంట్లో డాక్టరు.. ఆసుపత్రిలో ఖాళీ

విదేశాల్లో చదివొచ్చిన పల్లె బిడ్డలకు పరీక్ష గండం
వైద్యుల కోసం ఎదురు చూస్తున్న ఆరోగ్య కేంద్రాలు

ఉదయం తొమ్మిదిన్నర. ప్రాథమిక ఆరోగ్య కేంద్రం వరండాలో అప్పటికే పాతిక మంది చేరారు. జ్వరంతో మూలుగుతున్న పసివాడిని భుజాన వేసుకుని ఒక తల్లి నిలబడింది. షుగరు మాత్రల చీటీ చేత పట్టుకుని ఒక ముసలాయన గోడకు ఆనుకుని కూర్చున్నాడు. నెలలు నిండిన కోడల్ని ఆటోలో తీసుకొచ్చింది ఒక అత్తగారు. "డాక్టరుగారొచ్చారా?" అని వచ్చినవారల్లా అడుగుతున్నారు. "పక్క మండలానికి డెప్యుటేషన్ వేశారు. రేపొస్తారు" అని నర్సమ్మ అందరికీ ఒకే జవాబు చెబుతోంది.

అదే ఊళ్లో, ఆసుపత్రికి నాలుగు వీధుల అవతల, ఒక పెంకుటింట్లో డాక్టరు పట్టా ఉన్న కుర్రాడున్నాడు. కిర్గిజ్‌స్తాన్‌లో చదివి వచ్చి రెండేళ్లయింది. ఊరంతా అతన్ని 'డాక్టరు బాబు' అనే పిలుస్తుంది. కాని జ్వరానికి మాత్ర రాసే హక్కు కూడా అతనికి లేదు. విదేశంలో చదివినవారు మన దేశంలో వైద్యం చేయాలంటే రాయవలసిన స్క్రీనింగ్ పరీక్ష అతను రెండుసార్లు తప్పాడు. మూడోసారికి పుస్తకాలు ముందేసుకుని కూర్చున్నాడు.

తండ్రి మిర్చి రైతు. రెండెకరాల మెట్ట అమ్మి కొడుకును చదివించాడు. "అర్ధరాత్రి వచ్చి తలుపు కొడతారు. లేదమ్మా, ఆసుపత్రికెళ్లండి అని చెప్పాలి. అక్కడ డాక్టరు లేడని వాళ్లకీ తెలుసు, మాకూ తెలుసు" అని ఆయన వాపోతున్నాడు.

ఇది ఒక్క ఇంటి కథ కాదు. ఇలాంటి డాక్టరు బాబులు, డాక్టరమ్మలు ఇంటిపట్టున పుస్తకాలు తిరగేస్తున్న ఊళ్లు చాలానే ఉన్నాయి.

ఎందుకు వెళ్లారు?

విదేశీ వైద్య విద్య మనకు కొత్తది కాదు. 1960లో మాస్కోలో పాట్రిస్ లుముంబా విశ్వవిద్యాలయం పెట్టిన తరువాత, సోవియట్ ప్రభుత్వ స్కాలర్‌షిప్‌ల మీద మన దేశం నుంచి విద్యార్థులు వెళ్లారు. అప్పుడు వెళ్లినవారు కొద్దిమంది. ఖర్చు అక్కడి ప్రభుత్వానిది.

ఇప్పుడు ఖర్చు రైతుది. ఇక్కడ ప్రభుత్వ కళాశాలలో సీటు రావాలంటే 'నీట్'లో మంచి ర్యాంకు కావాలి. అది రాకపోతే ప్రైవేటు కళాశాల యాజమాన్య కోటా. అందులో చదువు ముగిసేసరికి కోటి రూపాయలు దాటవచ్చు. రష్యా, కిర్గిజ్‌స్తాన్, జార్జియా వంటి చోట్ల అయితే పాతిక, ముప్పయి లక్షల్లో చదువు పూర్తవుతుందని ఏజెంట్లు చెబుతారు. నీట్‌లో అర్హత మార్కులు వస్తే చాలు, ర్యాంకుతో పని లేదు. పొలం అమ్మో, తాకట్టు పెట్టో పంపిస్తున్నారు. ఏజెంటు చెప్పని సంగతి ఒకటుంది. అక్కడ చదువు పూర్తి కావడం సగం దారి మాత్రమే.

అయిదుగురిలో ఒక్కరే

స్క్రీనింగ్ పరీక్ష 2002లో మొదలైంది. జాతీయ పరీక్షల బోర్డు దీన్ని ఏడాదికి రెండుసార్లు, జూన్‌లోను డిసెంబరులోను జరుపుతుంది. 300 ప్రశ్నలు ఉంటాయి. 150 మార్కులు వస్తే పాసు. తప్పు రాస్తే మార్కులు తగ్గించరు. ఎన్నిసార్లయినా రాసుకోవచ్చు. చెప్పుకోవడానికి తేలికే. ఫలితాలు చూస్తే గుండె గుభేలుమంటుంది. 2015 నుంచి 2018 వరకు రాసినవారిలో నూటికి 15 మంది కూడా పాసు కాలేదు. 2024 జూన్ పరీక్షలో అయిదుగురికి ఒకరు చొప్పున గట్టెక్కారు.

పిల్లలు తెలివి తక్కువవారని దీని అర్థం కాదు. కరోనా రోజుల్లో చాలామంది ఇంట్లో ఫోను ముందు కూర్చుని పాఠాలు విన్నారు. 2022 ఫిబ్రవరిలో యుద్ధం రావడంతో ఉక్రెయిన్ నుంచి వేలాది విద్యార్థులు చదువు మధ్యలో వదిలి విమానాలెక్కారు. అన్నిటికంటే పెద్ద చిక్కు భాష. పాఠం ఇంగ్లీషులో చెప్పినా, వార్డులో రోగి మాట్లాడేది వాళ్ల భాష. అది రాకపోతే మంచం పక్కన నిలబడి నేర్చుకునేది అంతంత మాత్రమే.

రక్తపింజరి కాటు అక్కడ చూడలేదు

జిల్లాలోని ఒక ఆరోగ్య కేంద్రంలో పనిచేస్తున్న డాక్టరమ్మ రష్యాలో చదివారు. మూడో ప్రయత్నంలో పరీక్ష పాసై, ఇక్కడ ఏడాది ఇంటర్న్‌షిప్ చేసి ఉద్యోగంలో చేరారు.

"రష్యన్ నేర్చుకున్నాను కాబట్టి వార్డులో పని నేర్చుకోగలిగాను. కాని రక్తపింజరి కాటు అక్కడెక్కడ చూస్తాం? పురుగుమందు తాగిన రైతును మొదటిసారి చూసింది ఇక్కడే. ఇంటర్న్‌షిప్‌లో ఆ రెండూ రాత్రింబగళ్లు చూశాను. అది లేకుండా నన్ను నేరుగా పల్లెకు పంపి ఉంటే రోగికీ ప్రమాదం, నాకూ ప్రమాదం" అని ఆమె చెబుతున్నారు.

ఆమె మాట ఆలోచించదగ్గది. పాముకాటు రోగికి విరుగుడు సూది ఎప్పుడు వెయ్యాలి, పురుగుమందు తాగినవాడికి అట్రోపిన్ ఎంత ఎక్కించాలి అనేవి పుస్తకం చూసి నేర్చుకునే పనులు కావు. ఏడాది ఇంటర్న్‌షిప్‌లో 12 వారాలు సామాజిక వైద్యానికి కేటాయించారు. పల్లె ఆసుపత్రి పని తెలిసేది అప్పుడే.

అందుకే పరీక్ష తీసెయ్యాలని తెలిసినవారెవరూ కోరడం లేదు. అడ్డదారి ఎటు పోతుందో 2022 డిసెంబరులో దేశం చూసింది. స్క్రీనింగ్ పరీక్ష పాసు కాకుండానే రాష్ట్రాల వైద్య మండళ్లలో పేర్లు నమోదు చేయించుకున్నారని 73 మంది మీద సి.బి.ఐ. కేసు పెట్టింది. నమోదు లేనివాడు తెల్లకోటు వేసుకుంటే ప్రాణం పోయేది పేదవాడిదే. దగ్గరలో డాక్టరు లేక ఆర్.ఎం.పి. చేతిలో పడుతున్న పల్లెలకు ఆ బాధ చెప్పనక్కర్లేదు.

వాళ్ల పల్లెలకు మన డాక్టర్లు

బయట చదివినవారితో డాక్టర్ల కొరత తీర్చుకోవడం పెద్ద దేశాలు ఎప్పటినుంచో చేస్తున్న పనే. ఆ డాక్టర్లలో మనవాళ్లూ ఉన్నారు.

బ్రిటన్‌లో 1948 జులై 5న జాతీయ ఆరోగ్య సేవ మొదలైంది. అందరికీ ఉచిత వైద్యం అన్నారు. డాక్టర్లు చాలలేదు. 1960 దశకంలో భారత, పాకిస్తాన్ డాక్టర్లు పెద్ద సంఖ్యలో వెళ్లారు. విశాఖ, గుంటూరు, హైదరాబాదు కళాశాలల్లో చదివినవారూ వారిలో ఉన్నారు. అక్కడి డాక్టర్లు వెళ్లడానికి ఇష్టపడని వేల్స్ బొగ్గుగనుల ఊళ్లలో, ముసలివారి వార్డుల్లో, మానసిక వైద్యశాలల్లో మనవాళ్లు పనిచేశారు. 1975 నుంచి వాళ్లూ పరీక్ష పెట్టారు. భాష వచ్చా, వైద్యం వచ్చా చూసి తీసుకున్నారు.

అమెరికా పద్ధతి ఇంకా గట్టిది. పైచదువు శిక్షణకు 'జె-1' వీసా మీద వెళ్లిన డాక్టరు శిక్షణ కాగానే రెండేళ్లు స్వదేశంలో ఉండాలి. 1994లో ఉత్తర డకోటా సెనెటరు కెంట్ కాన్రాడ్ పేరున ఒక సడలింపు వచ్చింది. డాక్టర్లు తక్కువగా ఉన్న ప్రాంతంలో మూడేళ్లు పనిచేస్తే స్వదేశానికి వెళ్లనక్కర్లేదు. మొదట రాష్ట్రానికి ఏడాదికి 20 మందికి ఈ అవకాశం ఇచ్చారు. 2002లో దాన్ని 30కి పెంచారు. మంచు కురిసే మారుమూల ఊళ్లలో తెలుగు డాక్టర్లు కనిపించడానికి ఈ నిబంధన ఒక కారణం.

ఆస్ట్రేలియాలో 1997 నుంచి మరో నిబంధన ఉంది. బయట చదివి వచ్చిన డాక్టరుకు ప్రభుత్వ బీమా సొమ్ము ముట్టాలంటే, సాధారణంగా పదేళ్ల దాకా కొరత ఉన్న ప్రాంతంలోనే పనిచేయాలి.

డాక్టరు తనంతట తానుగా పల్లెకు వస్తాడని ఈ దేశాలు కూర్చోలేదు. ముందు పరీక్షించుకున్నాయి. పల్లెకు వెళ్తే ఏం దొరుకుతుందో అమెరికా, ఆస్ట్రేలియా కాగితం మీద రాసిచ్చాయి. మనకు ఆ డాక్టరు మన ఊరివాడే. మన భాష వాడికి వచ్చు. మన ఎండ వాడికి అలవాటే. అయినా వాడికీ ఆసుపత్రికీ మధ్య దారి వేసేవారు లేరు.

గట్టెక్కినా కష్టాలే

పరీక్ష పాసు కావడంతో కథ ముగియదు. ఇక్కడ ఇంటర్న్‌షిప్ సీటు దొరకాలి. కళాశాలల్లో విదేశాల్లో చదివినవారికి ఇచ్చే సీట్లు పరిమితం. ఆపైన శాశ్వత రిజిస్ట్రేషన్ కావాలి. ఇవన్నీ అయ్యేసరికి ముప్పయ్యో ఏడు దగ్గర పడుతుంది. ఇంటి మీద అప్పు ఉంటుంది. పట్నంలో పెద్ద ఆసుపత్రి డ్యూటీ డాక్టరుగా రమ్మంటుంది. ఊళ్లో ఆరోగ్య కేంద్రం క్వార్టరుకు తలుపులుండవు. పిల్లలకు బడి ఉండదు. రాత్రి కేసు వస్తే తోడుండేవారు ఉండరు. ఇక కుర్రవాడు ఎటు మొగ్గుతాడో వేరే చెప్పాలా?

మైదాన ప్రాంతంలో 30 వేల మందికి, కొండ, గిరిజన ప్రాంతంలో 20 వేల మందికి ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం ఉండాలన్నది నిబంధన. భవనం కట్టినంత మాత్రాన వైద్యం అందదు. పెద్ద ఆసుపత్రుల సంగతి మరీ కష్టం. కేంద్ర ప్రభుత్వ లెక్కల ప్రకారం 2022 మార్చి నాటికి దేశంలోని గ్రామీణ సామాజిక ఆరోగ్య కేంద్రాల్లో కావలసిన నిపుణులు నూరు మంది అయితే, దాదాపు 80 మంది తక్కువ. నిపుణులు కావాలంటే ముందు మామూలు డాక్టర్లు పల్లెల్లో నిలవాలి.

పంపేముందు చూసుకోండి

పిల్లల్ని విదేశానికి పంపాలనుకునే తల్లిదండ్రులు పొలం కాగితాలు బయటికి తీసేముందు ఈ సంగతులు తెలుసుకోవాలి. 2021 నవంబరులో జాతీయ వైద్య కమిషన్ నిబంధనలు మార్చింది. అప్పటి నుంచి చేరినవారికి ఇవి వర్తిస్తాయి.

నీట్ అర్హత తప్పనిసరి. కోర్సు కనీసం 54 నెలలు ఉండాలి. చదువు ఇంగ్లీషులో, మొదటి నుంచి చివరి దాకా ఒకే విశ్వవిద్యాలయంలో సాగాలి. ఆపైన అక్కడే 12 నెలల ఇంటర్న్‌షిప్ చేయాలి. ఆ పట్టాతో ఆ దేశంలో అక్కడి పౌరుల మాదిరిగా వైద్యం చేసే హక్కు రావాలి. తిరిగి వచ్చాక పరీక్ష పాసై, ఇక్కడ మరో 12 నెలల ఇంటర్న్‌షిప్ చేయాలి. చేరిన రోజు నుంచి పదేళ్లలో చదువు, శిక్షణ పూర్తి కావాలి. వీటిలో ఒక్కటి తప్పినా పట్టా గోడకు తగిలించుకోవడానికే పనికొస్తుంది. రష్యా వంటి చోట్ల పట్టా మీద 'ఎం.డి.' అని రాసి ఇస్తారు. ఇక్కడ అది ఎం.బి.బి.ఎస్.తో సమానమే తప్ప పైచదువు కాదు.

దారి వేయాలి

ప్రభుత్వ వైద్య కళాశాలల్లో సాయంత్రం పూట స్క్రీనింగ్ పరీక్షకు శిక్షణ ఇవ్వాలని తల్లిదండ్రులు కోరుతున్నారు. ఇప్పుడు దీని కోసం హైదరాబాదు, విజయవాడ, ఢిల్లీ కోచింగ్ కేంద్రాలకు మళ్లీ అప్పు చేసి పంపవలసి వస్తోంది. ఉచితంగా శిక్షణ ఇస్తే, పాసైన తరువాత రెండేళ్లు సొంత జిల్లా ఆరోగ్య కేంద్రంలో పనిచేస్తామని పూచీకత్తు రాసిస్తామని పలువురు కుర్రవాళ్లు అంటున్నారు. జిల్లా ఆసుపత్రుల్లో ఇంటర్న్‌షిప్ సీట్లు పెంచాలని, అందులో ఎక్కువ కాలం పల్లెల్లో గడిచేటట్లు చూడాలని పదవీ విరమణ చేసిన ఒక ప్రభుత్వ వైద్యుడు సూచిస్తున్నారు. "క్వార్టరుకు తలుపులు, కుళాయికి నీళ్లు, రాత్రికి ఒక కాపలా మనిషి. ఈ మూడూ ఇవ్వకుండా బాండ్లు రాయించుకుంటే మొదటి ఏడే పారిపోతారు" అని కూడా ఆయన హెచ్చరిస్తున్నారు.

ఇవి ఆకాశం నుంచి దించవలసిన కోరికలు కావు. అధికారులు, ప్రజాప్రతినిధులు తలుచుకుంటే జరిగే పనులే.

మధ్యాహ్నం పన్నెండయింది. ఆరోగ్య కేంద్రం వరండా ఖాళీ అయింది. నర్సమ్మ ఇచ్చిన మాత్రలతో కొందరు ఇళ్లకు పోయారు. నెలలు నిండిన కోడల్ని 108లో పట్నం తీసుకెళ్లారు. పసివాడి తల్లి మాత్రం వెళ్తూ వెళ్తూ పెంకుటింటి ముందు ఆగింది. కుర్రాడు పుస్తకం మూసి బయటికి వచ్చాడు. పిల్లవాడి నుదుటి మీద చెయ్యి వేసి చూశాడు. "తడిగుడ్డ వేస్తూ ఉండమ్మా, నీళ్లు పట్టించు. ఆలస్యం చెయ్యక పట్నం తీసుకెళ్లు" అన్నాడు.

అంతకుమించి అనే హక్కు అతనికి లేదు. ఆమె బస్సు కోసం రోడ్డు మీదికి నడిచింది.