లోపలి నుంచి తినే తుప్పు

పటాన్‌చెరు, పాశమైలారం ఫ్యాక్టరీ దారుల్లో పాత మారుతి ఓమ్నీలు ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. 1984లో వచ్చిన ఈ వ్యాను తయారీ 2019లో ఆగింది. మూడు సిలిండర్ల ఇంజిన్‌ను బాగుచేయిస్తూ ఏళ్లకేళ్లు నడపొచ్చు. ముందుగా చేతులెత్తేసేది సైలెన్సరే.

అమెరికాలోని ఇండియానాలో మిల్టన్, మార్షల్ రీవ్స్ అనే అన్నదమ్ములు 1897లో సైలెన్సర్‌కు పేటెంట్ తీసుకున్నారు. నేటి డబ్బాలో చిల్లుల గొట్టాలు, అరలు ఉంటాయి. ఇంజిన్ నుంచి తన్నుకొచ్చే శబ్దతరంగాలు ఆ గోడలకు కొట్టుకొని, ఎదురెదురై చాలావరకు అణగిపోతాయి.

పొగతోపాటు నీరూ వస్తుంది. లీటరు పెట్రోలు కాలితే దాదాపు లీటరు నీరు ఆవిరిగా పుడుతుంది. 65వ నంబరు హైవే మీద ఏకబిగిన సంగారెడ్డి వెళ్లే బండికి ఇబ్బంది లేదు. గొట్టం బాగా కాగి ఆవిరి బయటికి పోతుంది. కాలనీ నుంచి ఫ్యాక్టరీ గేటు దాకా పోయి ఆగే బండికే గండం. డబ్బా వేడెక్కకముందే ఇంజిన్ ఆపేస్తే ఆవిరి నీరై అడుగున నిలుస్తుంది, పొగలోని ఆమ్లాలు అందులో కలుస్తాయి. పైకి నిగనిగలాడుతున్న రేకే లోపల పొరలు పొరలుగా రాలుతుంది. ఊడదీసి ఊపితే తుప్పు పెళ్లలు గలగలమంటాయి.

ఓమ్నీ ఇంజిన్ ముందు సీట్ల కిందే ఉంటుంది. కాబట్టి మోతకన్నా ముందరి జాయింట్ లీకుకే ఎక్కువ భయపడాలి. పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు. హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్‌కన్నా 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. జాయింట్ చుట్టూ నల్లటి మసి చార కనిపిస్తే లీకున్నట్టే.

సైలెన్సర్‌ను ఇంటి దగ్గరే మార్చుకోవచ్చు. బండి పూర్తిగా చల్లారాలి. ఒక్క జాకీని నమ్మి కిందికి దూరొద్దు, స్టాండ్లు తప్పనిసరి. ముందురోజు రాత్రే నట్లకు తుప్పు వదిలే నూనె పట్టించాలి. వెనక బోల్టులు మొండికేస్తే గ్రైండర్‌తో కోసేయొచ్చు. మేనిఫోల్డ్ స్టడ్ దగ్గర మాత్రం పానాతో మొరటుగా తిప్పొద్దు. అది విరిగితే పని లేత్ షాపు దాకా పోతుంది.

ప్యాకింగులతో పాటు రబ్బరు హ్యాంగర్లూ కొత్తవే వేయాలి. ఇంజిన్ అదురును ఓర్చుకునేవి ఆ రబ్బర్లే. అవి తెగితే బరువంతా ముందరి జాయింట్ మీద పడి అక్కడే పగులుతుంది. అన్నీ వదులుగా తగిలించి, వరుస సరిచూసుకున్నాకే ముందు నుంచి వెనక్కి బిగించాలి.

బండిని ఆరుబయటే స్టార్ట్ చేయించి, గొట్టం చివర తడిగుడ్డ ఒక్క క్షణం అడ్డుపెడితే లీకున్నచోట బుస్సుమంటుంది. వేడెక్కి చల్లారాక ప్యాకింగ్ అణిగి బోల్టులు కాస్త వదులవుతాయి. వాటిని మరోసారి బిగించాలి.