పాలు లేని చల్లని నిమ్మగడ్డి టీ – ఇంట్లోనే తయారీ

ఎండాకాలంలో పొలానికి తీసుకెళ్లిన పాల టీ త్వరగా పాడవుతుంది. గట్టు మీద పెంచుకునే నిమ్మగడ్డితో పాలు లేకుండానే చల్లని టీ చేసుకోవచ్చు.

కావలసినవి: నీళ్లు 1 లీటరు, నిమ్మగడ్డి ఆకులు 8–10, తులసి ఆకులు 10, చిన్న అల్లం ముక్క, బెల్లం తురుము 2 చెంచాలు, చిటికెడు ఉప్పు, నిమ్మకాయ 1.

తయారీ: నిమ్మగడ్డిని కడిగి ముక్కలు చేయాలి. మరిగే నీళ్లలో నిమ్మగడ్డి, దంచిన అల్లం వేసి సన్నని మంటపై 5 నిమిషాలు ఉంచాలి. తులసి వేసి, పొయ్యి ఆపి, వెంటనే మూత పెట్టాలి. మూత లేకపోతే సువాసన ఆవిరితో పోతుంది. 10 నిమిషాల తర్వాత వడకట్టి బెల్లం, ఉప్పు కలపాలి. చల్లారాకే నిమ్మరసం పిండాలి. స్టీలు సీసాలో పోసి, తడిగుడ్డ చుట్టి, గాలి తగిలే నీడలో ఉంచితే ఫ్రిజ్ లేకున్నా చల్లబడుతుంది. అదే రోజు తాగేయాలి.

జాగ్రత్తలు:
• పురుగుమందు పిచికారీ చేసిన చేను పక్కన పెరిగిన ఆకులు వాడరాదు. మందు తుంపరలు గాలికి వాటిపై పడతాయి. అందుకే పెరట్లో రెండు దుబ్బులు నాటుకోవడం మేలు.
• ఖాళీ మందు డబ్బాలు ఎంత కడిగినా అందులో టీ, నీళ్లు పోయరాదు.
• షుగర్ ఉన్నవారు బెల్లం మానాలి.
• వడదెబ్బకు ఇది మందు కాదు. ఎండలో పనిచేసే మనిషి తడబడి మాట్లాడినా, స్పృహ తప్పినా నీడకు చేర్చి, ఒళ్లంతా తడిపి, 108కు ఫోన్ చేయాలి. స్పృహ లేనివారికి ఏదీ తాగించరాదు.