సిలువపై దేహం ఎందుకు?

సికింద్రాబాద్ సరోజినీదేవి రోడ్డులోని సెయింట్ మేరీస్ చర్చి 1850లో పూర్తయింది. 2008లో దానికి బసిలికా హోదా వచ్చింది. ఇలాంటి కతోలిక గుళ్లలో బలిపీఠం దగ్గరి సిలువ మీద యేసు దేహం, మేకులు, పక్కలో గాయం కనిపిస్తాయి. అదే ఊళ్లో సీఎస్ఐ, బాప్టిస్టు చర్చిల్లో ఎక్కువగా ఉండేది ఉత్త సిలువే. మూడో రోజున లేచాడని నమ్మేవాళ్లు ఆయన్ని ఇంకా సిలువకే ఎందుకు వేలాడదీశారన్న ప్రశ్న ఇక్కడే పుడుతుంది. గతించినవారి ఫొటోకు దండ వేసే మన ఇళ్లలో దాన్ని చావుకు గుర్తుగా చూడటం సహజమే. అయితే ఈ ప్రశ్న వెనుక ఒక తొందరపాటు ఉంది. సువార్తల ప్రకారం సిలువ ఖాళీ అయింది ఆదివారం కాదు, శుక్రవారం సాయంత్రమే. అరిమతయి యోసేపు దేహాన్ని దింపించి సమాధి చేశాడు. ఆదివారం తెల్లవారేసరికి ఖాళీగా కనిపించింది సమాధి. కాబట్టి ఉత్త సిలువ కూడా తనంతట తాను పునరుత్థానాన్ని చెప్పదు, విశ్వాసి కన్ను ఆ అర్థాన్ని చదువుకుంటుంది. దేహమున్న సిలువకూ అదే వర్తిస్తుంది.

కతోలికుల వాదనలో నాకు బలంగా తోచేది ఇది: లేచినవాడు, సిలువ వేయబడినవాడు ఒక్కడే. కొరింథీయులకు రాసిన మొదటి లేఖ మొదటి అధ్యాయంలో పౌలు తాను ప్రకటించేది సిలువ వేయబడిన క్రీస్తునే అంటాడు. అదే లేఖ 15వ అధ్యాయంలో క్రీస్తు లేవకపోతే మన విశ్వాసం వ్యర్థమంటాడు. ఆయనకు ఈ రెండింటి మధ్య పేచీ కనిపించలేదు. శిష్యుడు తోమా అనుమానపడినప్పుడు యేసు చూపించింది కూడా గాయాలనే. పునరుత్థానం వాటిని చెరిపేయలేదు. పాస్కా (ఈస్టర్) జాగరణ రాత్రి వెలిగించే పెద్ద కొవ్వొత్తిని దగ్గరగా చూస్తే ఇది తెలుస్తుంది. దాని మీద సిలువ, గ్రీకు అక్షరమాలలోని మొదటి, చివరి అక్షరాలు, ఆ సంవత్సరం అంకెలు ఉంటాయి. సిలువలో అయిదు సాంబ్రాణి గింజల్ని మేకుల్లా గుచ్చుతారు. అవి అయిదు గాయాలకు గుర్తు. లేచిన క్రీస్తుకు ప్రతీకగా నిలిచే కొవ్వొత్తే గాయాల్ని మోస్తోంది. జ్ఞానస్నానానికీ, అంత్యక్రియలకూ వెలిగించేది దాన్నే.

మొదటి క్రైస్తవులు మాత్రం సిలువపై దేహమున్న బొమ్మలు దాదాపు చేయలేదు. బానిసలకూ తిరుగుబాటుదార్లకూ వేసే శిక్ష కళ్లముందే అమలవుతుంటే దాన్ని గోడకు తగిలించుకోవడం ఎవరికి తోస్తుంది? రోమ్‌లోని శాంతా సబీనా చర్చి చెక్క తలుపుపై, సుమారు 430 నాటి చెక్కడంలో, సిలువ మరణ దృశ్యం బహిరంగంగా కనిపిస్తుంది. తర్వాత చాలాకాలం కళ్లు తెరిచి నిటారుగా నిలిచిన క్రీస్తునే చూపించారు. తల వాల్చి, ప్రాణం విడిచిన దేహం పెద్ద శిల్పంగా వచ్చింది పదో శతాబ్దపు కొలోన్‌లో. అంటే ఇది ఒక్కరోజులో పుట్టిన ఆచారం కాదు, బాధను నేరుగా చూడాలన్న కోరిక కాలక్రమంలో పెరిగింది. ఊరి బయట అవమానంతో చచ్చిన దేవుడు ఊరి బయటికి నెట్టబడ్డవాళ్లకు పరాయివాడు కాడు. తెలుగు కతోలికుల్లో దళితుల సంఖ్య పెద్దదే. హైదరాబాద్ అగ్రపీఠాధిపతి పూల ఆంథోనీ 2022లో తొలి దళిత కార్డినల్ అయ్యారు.

సిలువపై దేహాన్ని చూసి, కతోలికుల బలిపూజలో క్రీస్తును మళ్లీ మళ్లీ బలి ఇస్తారనడం పాత ఆక్షేపణ. శ్రీసభ బోధ అది కాదు: బలి ఒక్కటే, ఒక్కసారే జరిగింది, పూజలో దాని సన్నిధి కలుగుతుంది. విగ్రహారాధన అన్న ఆరోపణకు 787లో రెండో నికేయ సభే జవాబిచ్చింది, ప్రతిమకు చేసే గౌరవం అందులో కనిపించే వ్యక్తికే చేరుతుందని. ఈ జవాబు అందరినీ ఒప్పించదు, సరే. కానీ 1924లో ప్రతిష్ఠించిన మెదక్ సీఎస్ఐ కెథెడ్రల్ రంగుటద్దాల కిటికీల్లో ఆరోహణ, జననంతోపాటు సిలువ మరణ దృశ్యమూ ఉంది. అక్కడ దాన్నెవరూ పునరుత్థానానికి అడ్డంకి అనుకోరు. మరోవైపు కతోలికులందరూ దేహమున్న సిలువనే వాడతారనీ కాదు. బలిపీఠం దగ్గర దాన్ని కోరేది లాటిన్ రీతి నియమం. 2017లో ఏర్పడిన షంషాబాద్ మేత్రాసనం సీరో మలబార్ రీతిది. ఆ రీతివారికి ప్రియమైన మార్ తోమా సిలువపై దేహం ఉండదు, కింద తామర, పైన పావురం ఉంటాయి. ఆ సిలువను వాళ్లు పునరుత్థానానికి చిహ్నంగానే చూస్తారు. వాళ్లూ పోపుకు లోబడిన కతోలికులే.