చిన్న యప్పు – పెద్ద లెక్క

అప్పుచేసి పప్పుకూడు తినరాదని మన పెద్దలు చెప్పిరి. అయినను మొదలు లేక వర్తకము సాగదు. పేదయింటి స్త్రీకి మొదలనగా తరచుగా ఎరువు సొమ్మే. కావున అప్పు మంచిదా చెడ్డదా యను వాదముకంటె, దానిని ఏ లెక్కతో తెచ్చి ఏ లెక్కతో తీర్చవలెనను విషయమే మన సోదరీమణులకు ముఖ్యము.

కర్నూలు జిల్లా పడమటి భాగమున ఆదోని, ఎమ్మిగనూరు పట్టణములు గలవు. ఆదోని ప్రత్తికిని వేరుసెనగకును పేరొందిన విపణి. ఎమ్మిగనూరు మగ్గములకు ప్రసిద్ధము. తుంగభద్ర చెంతనే ప్రవహించుచున్నను ఈ సీమలో మెట్టపొలములే మెండు. వాన తప్పిన యేట ఎన్నియో కుటుంబములు మిరపకాయలు కోయుటకును ప్రత్తి తీయుటకును గుంటూరు సీమకు తరలిపోవును. దీనినే ఇచ్చటివారు ‘సుగ్గి’కి పోవుట యందురు. తల్లిదండ్రుల వెంట పిల్లలును పోవుటచే వారి చదువు నడుమ తెగిపోవును. ఇంటిపట్టున తల్లికి చిన్న వర్తక మొకటి కుదిరినచో ఆ పిల్లలు బడిలో నిలువగలరు. చిన్న యప్పు వెనుకనున్న పెద్ద విషయ మిదియే.

పదిమంది కలిసి మొదలు కూర్చుకొను పద్ధతి ఈ ప్రాంతమునకు క్రొత్త కాదు. 1938లో మాచాని సోమప్పగారు ఎమ్మిగనూరున నేతపనివారి సహకార సంఘమును స్థాపించిరి. ఒంటరి నేతగానికి నూలు కొనుటకు సొమ్ముండదు. నేసిన గుడ్డకు మంచి ధర వచ్చువరకు వేచియుండు ఓపికయు నుండదు. ఆ రెండు భారములను సంఘము వహించుటయే సహకారములోని కీలకము. కండెలు చుట్టుట మొదలగు పనులతో ప్రతి మగ్గము వెనుకను స్త్రీల శ్రమ యుండనే యున్నది గదా!

స్త్రీల పొదుపు సంఘములకును ఈ సూత్రమే ఆధారము. 1992లో నాబార్డు వా రిట్టి సంఘములను బ్యాంకులతో జతపరచు కార్యక్రమమును ప్రారంభించిరి. పదిమంది మొదలు ఇరువదిమంది వరకు స్త్రీలు చేరి, క్రమము తప్పక కొంత సొమ్ము కూడబెట్టి, దానిని తమలో తామే అప్పిచ్చుకొని, లెక్కలు సరిగా వ్రాసికొన్నచో, తాకట్టు కోరకయే బ్యాంకు ఋణమిచ్చును. ఇదే జిల్లాలోని ఓర్వకల్లు స్త్రీలు తమ సంఘముల నన్నిటిని మండల సమాఖ్యగా కూర్చి పేరుగాంచిరి.

అయితే లాభాపేక్షగల ఋణసంస్థలును పల్లెలకు వచ్చెను. ఒకే యింటికి మూడు నాలుగు సంస్థలు అప్పిచ్చుట, ఒకరి వాయిదా తీర్చుటకై వేరొకరికడ తెచ్చుట, వాయిదా తప్పినవారిని పదిమందిలో నిలదీయుట రాష్ట్రమున పలుచోట్ల జరిగెను. కొందరు ప్రాణములనే తీసికొనిరి. తుదకు 2010 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ఆర్డినెన్సు చేసి ఆ సంస్థల వసూళ్లను అదుపులో నుంచెను.

ఇట్టి ఆపదకు వడ్డీ లెక్క తెలియకపోవుట యొక కారణము. 10,000 రూపాయలు తెచ్చి, వారమునకు 230 చొప్పున 50 వారములు కట్టితి మనుకొందము. మొత్తము 11,500. నూటికి 15 వడ్డీయే గదా యని తోచును. కాని వారము వారము అసలు తరుగుచునే యుండును. ఏడాది పొడుగున మన చేతనుండు అప్పు సగటున అయిదువేలకు కొంచె మెక్కువ మాత్రమే. 1,500 వడ్డీ దానికే గనుక, నిజమైన వడ్డీ నూటికి ఇంచుమించు 30 అగును. ఇక నూటికి నెలకు 5 అడుగు వడ్డీవ్యాపారి ఏటికి 60 తీసికొన్నట్లే.

రెండవ లెక్క వర్తకమునకు సంబంధించినది. ఉగ్గాని బజ్జీలు అమ్ము స్త్రీ బొరుగులు, సెనగపిండి, నూనె, మిరపకాయలు, పొయ్యి ఖర్చు కలిపి దినమునకు 700 పెట్టి, 1,000 రాబట్టిన దనుకొందము. 300 మిగిలె నని యంతయు ఇంటికి వాడరాదు. వాయిదాకు 35, పాత్రల యరుగుదలకును బేరములేని దినములకును 25 తీసి వేరుగా నుంచవలెను. తక్కిన 240 ఆమె కూలి. ఆ 700 మాత్రము మరునాటి మొదలు. దానినుండి పండుగకు చీర కొన్నచో మరునాడు పొయ్యి వెలుగదు.

ఇట్టి లెక్కలు నేర్పుటకే గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థలు గలవు. 1982లో కర్ణాటకమందలి ఉజిరెలో ఆరంభమైన సంస్థ వీనికి మాదిరి. బ్యాంకులు నడపు ఈ సంస్థలలో గ్రామీణ యువతీయువకులకు భోజన వసతులతో ఉచితముగా శిక్షణ మిత్తురు. చేతిపనితోపాటు లెక్కలు వ్రాయుట, ధర కట్టుట, బ్యాంకుతో వ్యవహరించుటయు బోధింతురు.

సోదరీమణులారా! వ్రేలిముద్ర గాని సంతకము గాని పెట్టుటకు ముందు మూడు సంగతులు అడిగి తెలిసికొనుడు: మొత్తము ఎంత కట్టవలెను, ఏటి వడ్డీ యెంత, వాయిదా తప్పిన నేమగును? సమాధానము కాగితముపై వ్రాసియిమ్మనుడు. చదువురానిచో బడికి పోవు మీ బిడ్డచేత చదివించుకొనుడు. అడుగుటకు సిగ్గుపడనక్కర లేదు. తీర్చవలసినది మీరే గదా!