ఉప్మా... అమెరికాను గెలిచింది!

మనింట్లో మూతి ముడిచే ఉప్మాకు అక్కడ లక్ష డాలర్లకు పైగా బహుమతి వచ్చింది. వండినవాడు బొంబాయి కుర్రాడు. న్యూయార్క్‌ నడిబొడ్డున పన్నెండేళ్లపాటు అమెరికన్లకు మన పోపు రుచి చూపించిన చెఫ్‌ ఫ్లాయిడ్‌ కార్డోజ్‌ కథలో అనకాపల్లి బెల్లానికీ ఓ పాఠం ఉంది.

'ఇవాళ టిఫినేంటమ్మా?'
'ఉప్మా.'
అంతే... ఇంట్లో సగంమందికి ఆకలి చచ్చిపోతుంది. హఠాత్తుగా చుట్టాలొస్తే ఉప్మా, వండే ఓపిక లేకపోతే ఉప్మా, రైలుకు టైమైపోతుంటే ఉప్మా. తెలుగువాళ్ల జోకుల్లో దానికున్నంత చోటు విస్తట్లో లేదు. పాపం, మన వంటింట్లో దిక్కులేని పిల్ల అది!

2011లో ఆ పిల్ల అమెరికా టీవీకెక్కింది. 'టాప్‌ చెఫ్‌ మాస్టర్స్‌' అని పేరుమోసిన వంటవాళ్లకు పెట్టే పోటీ ఒకటుంది. దాని ఫైనల్లో ముగ్గురు మిగిలారు. ట్రేసీ డెజార్డిన్స్‌, మేరీ సూ మిల్లికెన్‌, ఫ్లాయిడ్‌ కార్డోజ్‌. ముగ్గురూ తలపండినవాళ్లే. కార్డోజ్‌ తన చిన్నప్పటి రుచిని గుర్తుచేసుకుంటూ ఉప్మా వండాడు. అడవి పుట్టగొడుగులు, కొబ్బరిపాలు, పులుపుకు కోకమ్‌ చేర్చాడు. పేరు 'ఉప్మా పొలెంటా'. పొలెంటా అంటే ఇటలీవాళ్లు మొక్కజొన్న రవ్వను నీళ్లలో తిప్పి తిప్పి ఉడికించే వంటకం. మన ఉప్మాకు దూరపు చుట్టమన్నమాట.

గెలుపు కార్డోజ్‌దే. ఆ డబ్బు ఆయన జేబులోకి వెళ్లలేదు. న్యూయార్క్‌లోని మౌంట్‌ సైనాయ్‌లో క్యాన్సర్‌ మీద పరిశోధన చేసే యువ శాస్త్రవేత్తల నిధికి వెళ్లింది.

బొంబాయి రవ్వ... బొంబాయి కుర్రాడు

మనం కిరాణా కొట్టుకెళ్లి 'బొంబాయి రవ్వ' అని అడుగుతాం. దాంతో పోటీ గెలిచినవాడూ బొంబాయివాడే కావడం తమాషా. కార్డోజ్‌ 1960లో అక్కడే పుట్టాడు. గోవా మూలాలున్న క్రైస్తవ కుటుంబం. చదివింది బయోకెమిస్ట్రీ. ఆర్థర్‌ హేలీ రాసిన 'హోటల్‌' నవల చదివాక మనసు మారిపోయింది. ప్రయోగశాల వదిలి హోటల్‌ మేనేజ్‌మెంట్‌లో చేరాడు. తర్వాత స్విట్జర్లాండ్‌లో చదివి, న్యూయార్క్‌ చేరి, 'లెస్పినాస్‌' అనే పెద్ద హోటల్లో గ్రే కున్జ్‌ అనే ఘనాపాఠీ దగ్గర పని నేర్చుకున్నాడు.

సైన్సు చదివిన కుర్రాడు గరిటె పట్టుకుంటానంటే ఏ ఇంట్లోనైనా గొడవే. మన దగ్గర మరీనూ. అజ్ఞాతవాసంలో భీముడు ఎక్కడ దాక్కున్నాడు? విరాటుడి వంటశాలలో, వలలుడన్న పేరుతో. వంటవాడి మొహం ఎవరూ చూడరన్న ధైర్యం కాబోలు! 'నలభీమ పాకం' అని మెచ్చుకునే నోటితోనే 'ఆఖరికి వంటపనికా?' అనీ అంటాం. కార్డోజ్‌ ఆ తెర దాటి ముందుకొచ్చాడు.

కింద సరదా... పైన దర్జా

1998 చివర్లో న్యూయార్క్‌ మాడిసన్‌ స్క్వేర్‌ పార్కు ఎదురుగా 'తబలా' తెరిచారు. యజమాని డానీ మేయర్‌, వంటింటి పెద్ద కార్డోజ్‌. అందులో రెండు అంతస్తులు. పై అంతస్తులో దర్జా భోజనం. వరసగా ఒక్కో వంటకం తెచ్చి, తెల్ల పింగాణీ పళ్లెంలో సర్ది పెడతారు. కింద 'బ్రెడ్‌ బార్‌'. అక్కడ అంత హంగామా లేదు. ఆఫీసు మధ్యలో ఓ గంట ఖాళీ చేసుకుని వచ్చి, తందూరీ పొయ్యిలోంచి అప్పుడే తీసిన రొట్టె తుంచుకుని, నలుగురూ ఒకే పళ్లెంలోంచి పంచుకు తినొచ్చు.

తిండి విచిత్రంగా ఉండేది. నాన్‌ మనదే, దానిమీద జల్లిన రోజ్‌మేరీ ఆకు మాత్రం మధ్యధరా ప్రాంతానిది. పీత మాంసంతో చేసే 'క్రాబ్‌ కేక్‌' అమెరికా తూర్పు తీరపు వంటకం. అందులో పడిన మసాలా గోవాది. పక్కన అప్పడం, చింతపండు చట్నీ. పీతను గోదావరి జిల్లాలో ఇగురు పెడతారు, అమెరికాలో ముద్ద చేసి పెనంమీద కాలుస్తారు. కార్డోజ్‌ ఆ రెంటినీ ఒక పళ్లెంలో కూర్చోబెట్టాడు.

1999లో 'న్యూయార్క్‌ టైమ్స్‌' విమర్శకురాలు రూత్‌ రైకల్‌ ఈ రెస్టారెంటుకు మూడు స్టార్లు ఇచ్చారు. అమెరికాలో భారతీయ భోజనమంటే బఫే బల్లమీద చల్లారిపోయే ఎర్రటి కూరలేనని జనం అనుకుంటున్న రోజులవి. ఆ మూడు స్టార్ల విలువ అప్పటివాళ్లకే తెలుసు.

'ఇంకొంచెం వేసుకోండి'

పాశ్చాత్య దేశాల్లో పెద్ద హోటళ్ల చెఫ్‌లు ఒకప్పుడు వంటింట్లోనే ఉండిపోయేవారు. 1982లో లాస్‌ఏంజెలెస్‌లో 'స్పాగో' తెరిచిన వుల్ఫ్‌గాంగ్‌ పక్‌ వంటింటిని జనం కళ్లెదుటికి తెచ్చి, టేబుళ్ల మధ్య తిరిగి పలకరించడం మొదలెట్టాక ఆ పద్ధతి ఊపందుకుంది. పిజ్జామీద పొగబెట్టిన సాల్మన్‌ చేప పెట్టిందీ ఆయనే. 1980ల చివర్లో నార్మన్‌ వాన్‌ ఏకెన్‌ అనే మరో చెఫ్‌ ఇలాంటి కలగలుపు వంటకు 'ఫ్యూజన్‌' అన్న మాట వాడాడు. అది అప్పటికే జాజ్‌ సంగీతంలో ఉన్న మాట.

అన్నట్టు, పలకరించి పెట్టడం మనకేం కొత్త కాదు. విజయవాడ గాంధీనగర్లో ఒక హోటలుకు 'బాబాయ్‌' అనే పేరు స్థిరపడిపోయింది. కాకినాడ సుబ్బయ్య హోటల్లో వద్దంటున్నా కొసరి కొసరి వడ్డించడమే ప్రత్యేకత. మెస్సులో బకెట్టు పట్టుకుని నిలబడి 'ఇంకొంచెం పప్పు వేసుకోండి, అలా లేచిపోతారేం' అనే పెద్దాయన తెలుగునాట ఏ ఊళ్లోనైనా ఒకరుంటారు. కార్డోజ్‌లో ఉన్నదీ ఆ తత్వమే. ఆయన పోయినప్పుడు నివాళులు రాసినవాళ్లలో చాలామంది వంటకంటే ముందు ఆ ఆప్యాయతనే తలచుకున్నారు. చేయి పట్టుకుని పని నేర్పాడని చెప్పిన కుర్ర చెఫ్‌లూ తక్కువేం కాదు.

కలగలుపు కానిదేది?

'అంతా కలిపేస్తే మన రుచేం మిగులుతుంది?' అని అనుమానం రావచ్చు. మంచి ప్రశ్నే. అయితే మన విస్తరినే ఒకసారి చూడండి. గోంగూర పచ్చడిలో నూరే మిరపకాయ ఎక్కడిది? అమెరికా ఖండాలది. పోర్చుగీసువాళ్లతో మన తీరాలకు చేరింది. టమాటా, బంగాళాదుంప, బొప్పాయి, జామ... అన్నీ ఆ ఖండం నుంచి ఓడలెక్కి వచ్చినవే. అంతకుముందు మన కూరల్లో కారం అంటే మిరియమే.

కార్డోజ్‌ పుట్టుకే ఓ ఫ్యూజన్‌. గోవా 1510 నుంచి పోర్చుగీసువాళ్ల చేతిలో ఉండేది. పావ్‌భాజీలోని 'పావ్‌' వాళ్ల భాషలో రొట్టె. 'విందాలూ' అన్నది వాళ్ల వెల్లుల్లి, ద్రాక్షసారాల వంటకం పేరు మనవాళ్ల నోట్లో నలిగి తయారైన మాట. అనకాపల్లి జిల్లావాసులు అంత దూరం వెళ్లక్కర్లేదు. మాడుగుల హల్వా ఉండనే ఉంది. గోధుమ పాలతో నేతిలో మనవాళ్లు కాచిన ఆ తీపికి 'హల్వా' అన్న పేరు అరబ్బులది!

కాబట్టి కలపడంలో తప్పులేదు. ఎలా కలుపుతున్నామన్నదే అసలు సంగతి. పిజ్జామీద పనీరు ముక్కలు చల్లితే అది అలంకారం. రవ్వను దోరగా వేయించి, ఆవాలు చిటపటలాడించి, పొలెంటాలా జారుగా ఉడికించాలంటే రెండు వంటలూ క్షుణ్ణంగా తెలిసి ఉండాలి.

బంగారు రంగు బెల్లం... నల్లటి నిజం

ఇక్కడే అనకాపల్లి గుర్తొస్తుంది. దేశంలోని పెద్ద బెల్లం మార్కెట్లలో ఇదొకటి. చెరకు పరిశోధన కేంద్రం ఇక్కడ వందేళ్లకు పైగా ఉంది. శారదా నది పరిసరాల్లో గానుగాడి, పెనాల్లో రసం కాచి, దిమ్మలు పోసి మార్కెట్‌ యార్డుకు తెస్తారు. అక్కడ బెల్లానికి ధర పలికేది ముందుగా రంగును బట్టి. ఎంత పచ్చగా, ఎంత మిలమిలలాడుతూ ఉంటే అంత రేటు. ఆ రంగు కోసం కొందరు రసంలో 'హైడ్రోస్‌' పొడి వేస్తారు. మందు పడని బెల్లం ముదురు రంగులో ఉంటుంది, రేటు తగ్గుతుంది. నిజాయతీగా వండిన రైతుకే నష్టం!

చెఫ్‌ లెక్క దీనికి పూర్తిగా తలకిందులు. పాశ్చాత్య వంటలో కారామెల్‌ కోసం చక్కెరను మాడబెట్టి కాస్త చేదు, కాస్త పొగవాసన రప్పిస్తారు. చెరకు రసంలోని మడ్డి పోకుండా ఉండే బెల్లంలో ఆ లోతు ముందే ఉంది. రంగు ముదిరితే రుచీ ముదురుతుంది. చిక్కల్లా ఒక్కటే. మరిగే పాలల్లో వేస్తే విరిగిపోతాయి. పరమాన్నం దింపి, కాస్త చల్లారాక బెల్లం కలపాలని మన అమ్మమ్మలకు ఎప్పుడో తెలుసు. పుడ్డింగ్‌ చేయబోయే చెఫ్‌కూ అదే సూత్రం. ఆ కిటుకు పాశ్చాత్య వంట పుస్తకాల్లో వెతుక్కోవాలి, మన వంటింట్లో ఊరికే దొరుకుతుంది.

తలుపు మూసినా...

2010 చివర్లో తబలా మూతపడింది. అంత పెద్ద హాలును నింపడం, నడపడం కష్టమైంది. ఆ మర్నాటి ఏడే ఉప్మాతో పోటీ గెలిచాడు కార్డోజ్‌. 2012లో న్యూయార్క్‌లోనే 'నార్త్‌ ఎండ్‌ గ్రిల్‌'కు చెఫ్‌ అయ్యాడు. 2015లో తాను పుట్టిన ఊరికి తిరిగొచ్చి, సమీర్‌ సేఠ్‌, యశ్‌ భణగేలతో కలిసి ముంబయిలో 'బాంబే క్యాంటీన్‌' తెరిచాడు. ఫారిన్‌ సరుకు కాదు, ఆయా కాలాల్లో దొరికే మన కూరలు, మన ధాన్యాలే అక్కడ గొప్ప. అమెరికాలో నేర్చుకున్నది తెచ్చి ఇక్కడివాళ్లకు ఇక్కడి తిండినే కొత్తగా చూపించాడన్నమాట.

2020 మార్చిలో ముంబయి వచ్చి వెళ్లిన కొద్దిరోజులకే ఆయనకు కరోనా సోకింది. ఆ నెలలోనే న్యూజెర్సీలో కన్నుమూశాడు. 59 ఏళ్లు. ఆయన తయారుచేసిన మసాలా పొడుల్ని భార్య బర్ఖా జనానికి అందించారు.

కార్డోజ్‌ గొప్పదనం ఉప్మాకు విదేశీ వేషం వెయ్యడంలో లేదు. అది ఉప్మా అని అందరి ముందూ పేరుపెట్టి చెప్పడంలో ఉంది. ముదురు రంగు బెల్లం దిమ్మను చూసి 'ఇది మందు వెయ్యని సరుకు, అందుకే ఈ రంగు' అని గట్టిగా చెప్పి అమ్మేవాళ్లు, విని రూపాయి ఎక్కువిచ్చి కొనేవాళ్లు పెరిగితే అనకాపల్లికి అంతకంటే తీపి కబురేముంటుంది?

ఈలోగా రేపు పొద్దున టిఫిన్‌ ఉప్మా అయితే మాత్రం... మూతి ముడవకండి. కావాలంటే నాలుగు పుట్టగొడుగులు వేయించి వెయ్యండి!