ఎత్తు పెరిగినకొద్దీ అడుగు నెమ్మదించాలి

మంచుకొండల సరస్సులకు వెళ్లే మన యాత్రికులు తెలుసుకోవలసిన సంగతులు

లక్సెట్టిపేట: కార్తీక పౌర్ణమి వచ్చిందంటే గూడెం గుట్ట జనంతో కిటకిటలాడుతుంది. గోదావరిలో స్నానం చేసి, మెట్లెక్కి సత్యనారాయణస్వామిని దర్శించుకునే వారిలో పండు ముసలివాళ్లు కూడా కనిపిస్తారు. ఆయాసం వస్తే ఓ మెట్టు మీద కూర్చుంటారు. గుక్కెడు నీళ్లు తాగి మళ్లీ లేస్తారు. గుట్ట ఎక్కడమంటే మనకు తెలిసింది అంతే.

మంచిర్యాలలో రైలెక్కితే మరునాటికి ఢిల్లీ. అక్కడి నుంచి కేదారనాథ్, అమరనాథ్, మానస సరోవరం వంటి యాత్రలకు వెళ్లేవారు పల్లెల్లోనూ ఉన్నారు. కొండ సరస్సులను చూడాలని సంచి వీపున వేసుకుని బయలుదేరే యువకులకూ ఈ రోజుల్లో కొదువ లేదు. అయితే అక్కడి గుట్ట వేరు. అక్కడ ఆయాసం వస్తే కూర్చున్నంత మాత్రాన తగ్గకపోవచ్చు. ఒక్కోసారి వెంటనే కిందికి దిగిరావాలి. ఈ ఒక్క సంగతి తెలిసి ఉండడం, తెలియకపోవడం మధ్యనే నిండు ప్రాణం ఉంది.

మనిషి తవ్వని చెరువులు

హిమాలయాల్లో వేల మీటర్ల ఎత్తున ఉండే ఈ సరస్సుల్లో చాలావాటిని తవ్వింది మంచే. యుగాల తరబడి పేరుకున్న మంచు, తన బరువుకు తానే మెల్లగా కిందికి జారుతూ రాతిని గీకి గుంటలు చేసింది. తాను మోసుకొచ్చిన రాళ్లను, మట్టిని ముందువైపు కుప్ప పోసింది. ఆ కుప్పే కట్ట అయింది. మంచు కరిగిన నీరు ఆ గుంటలో నిలిచి సరస్సు అయింది. అరిగిన రాతి పొడి నీటిలో తేలుతుండడం వల్ల కొన్ని సరస్సులు పాలపిట్ట రెక్కల రంగులో మెరుస్తూ కనువిందు చేస్తాయి.

అమరనాథ్ వెళ్లే పహల్గాం దారిలో శేషనాగ్ సరస్సు ఉంది. సిక్కులు పవిత్రంగా భావించే హేమకుండ్ ఉత్తరాఖండ్‌లో నాలుగు వేల మీటర్లకు పైన ఉంది. కాశ్మీరులో సోనామార్గ్ నుంచి నారానాగ్ వరకు కాలినడకన వెళ్లేవారు విషన్‌సర్, కృషన్‌సర్, గడ్‌సర్, గంగాబల్ సరస్సులను చూస్తారు. ఈ దారికి జూలై నుంచి సెప్టెంబరు వరకు అనువైన కాలం. టిబెట్‌లోని మానస సరోవరం సుమారు 4,590 మీటర్ల ఎత్తున ఉంది. కైలాస ప్రదక్షిణ చేసేవారు 5,600 మీటర్లు దాటిన డోల్మా కనుమను కూడా ఎక్కవలసి ఉంటుంది.

మరి మన ఊరు ఎంత ఎత్తున ఉంది? లక్సెట్టిపేటకు దిగువన గోదావరిపై కట్టిన ఎల్లంపల్లి జలాశయం పూర్తి నీటిమట్టం సముద్రమట్టానికి 148 మీటర్లు. ఆ నీటి ఒడ్డున పుట్టి పెరిగిన శరీరాన్ని మూడు నాలుగు రోజుల్లో నాలుగు వేల మీటర్లకు తీసుకుపోతే అది తట్టుకోలేకపోవడంలో వింత లేదు.

పలచని గాలి

బొగ్గు గనిలోకి దిగే సింగరేణి కార్మికునికి గాలి విలువ వేరే చెప్పనక్కరలేదు. గనిలోకైతే పెద్ద ఫ్యాన్లు పెట్టి గాలి ఆడిస్తారు. కొండమీద ఆ వీలు లేదు. ఎత్తుకు వెళ్లినకొద్దీ గాలి పలచబడుతుంది. కేదారనాథ్ ఎత్తు 3,583 మీటర్లు. అక్కడ ఒక్క ఊపిరిలో అందే ప్రాణవాయువు మన ఊళ్లో అందే దానిలో మూడింట రెండు వంతులే. మానస సరోవరం వద్ద సగానికి కొంచెం ఎక్కువ, అంతే.

తలనొప్పి, వికారం, ఆకలి లేకపోవడం, నిద్ర పట్టకపోవడం మొదటి గుర్తులు. ఇవి కనిపించినప్పుడు పైకి పోకుండా ఉన్నచోటనే ఆగితే చాలామందికి ఒకటి రెండు రోజుల్లో సర్దుకుంటాయి. లెక్క చేయకుండా పైకి పోతే ఊపిరితిత్తుల్లో నీరు చేరవచ్చు. మెదడు వాయవచ్చు. కదలకుండా కూర్చున్నా ఆయాసం తగ్గకపోవడం, దగ్గితే నురగ పడడం, మాట తడబడడం ప్రమాద సూచనలు. పొలం గట్టు మీద నడిచినట్టు, మడమకు వేలు ఆనిస్తూ పది అడుగులు నేరుగా వేయలేకపోయినా అనుమానించాలి. అప్పుడు అర్ధరాత్రి అయినా సరే, తోడు ఇచ్చి కిందికి దింపవలసిందే. ఆక్సిజన్ సిలిండర్, మందులు కొంతసేపు ఆదుకుంటాయి. అసలు మందు మాత్రం కిందికి దిగడమే.

ఇది ముసలివారికే వచ్చే జబ్బు అనుకుంటే పొరపాటు. క్వింటాలు బస్తాను అవలీలగా ఎత్తే పడుచువాడికీ వస్తుంది. నిజానికి బలం ఉన్నవాడు తొందరగా ఎక్కుతాడు గనుక అతనికే ముప్పు ఎక్కువ కావచ్చు.

రూప్‌కుండ్ ఎముకలు

ఉత్తరాఖండ్‌లో ఐదు వేల మీటర్ల ఎత్తున రూప్‌కుండ్ అనే చిన్న సరస్సు ఉంది. 1942లో ఒక అటవీ ఉద్యోగి ఆ ఒడ్డున గుట్టలుగా పడి ఉన్న మనుషుల ఎముకలను చూశాడు. పెద్ద వడగండ్ల వానకు ఒక యాత్రికుల గుంపు అంతా ఒకేసారి చనిపోయిందని చాలాకాలం అనుకున్నారు. హైదరాబాద్‌లోని సీసీఎంబీ శాస్త్రవేత్తలు ఇతర దేశాల వారితో కలిసి 38 మంది ఎముకలను పరీక్షించి, 2019లో ఫలితాలు ప్రకటించారు. వారిలో 23 మంది మన ఉపఖండం వారు. వెయ్యేళ్లకు పూర్వం, వేర్వేరు కాలాల్లో మరణించినవారు. మరో 14 మంది మధ్యధరా సముద్రపు తూర్పు తీరాల వారి వంశీకులు. వీరు చనిపోయి రెండు వందల ఏళ్లే అయింది. ఇంకొకరు ఆగ్నేయాసియా మూలాలున్నవారు. అంటే ఆ కొండ ఒక్కసారి కాదు, పలుమార్లు మనుషులను బలి తీసుకుందన్నమాట.

మన కాలంలోనూ అలాంటి విషాదాలు జరిగాయి. 1996 ఆగస్టులో అమరనాథ్ దారిలో అకాలంగా కురిసిన మంచులో 240 మందికి పైగా యాత్రికులు మరణించారు. ఆ తరువాతనే రోజుకు ఇంతమంది అని పరిమితి పెట్టడం, డాక్టరు ధ్రువపత్రం అడగడం వంటి కట్టుబాట్లు వచ్చాయి. పత్రం కోసం డాక్టరు చేత సంతకం పెట్టించుకుంటే సరిపోదు. నిజంగా పరీక్ష చేయించుకోవాలి.

మత్తడి లేని కట్ట

మన చెరువుకు కట్ట ఉంటుంది, తూము ఉంటుంది, నిండితే పొర్లడానికి మత్తడి ఉంటుంది. కాపలాకు నీరటికాడు ఉండేవాడు. మంచు పేర్చిన కట్టకు ఇవేమీ లేవు. కేదారనాథ్ పైన చోరాబారి సరస్సు ఉండేది. 1948లో గాంధీజీ చితాభస్మాన్ని అందులో కలిపినందున దాన్ని గాంధీ సరోవరమనీ పిలిచారు. 2013 జూన్ 16, 17 తేదీల్లో కుండపోత వానకు, కరిగిన మంచు తోడై ఆ సరస్సు కట్ట తెగింది. ఆ వరదలో కేదారనాథ్ పట్టణం కొట్టుకుపోయింది. ఉత్తరాఖండ్‌లో ఆ నాలుగు రోజుల్లో వేలాది మంది అసువులు బాశారు. చిక్కుకుపోయిన వారిలో తెలుగువారూ ఉన్నారు. 2023 అక్టోబరులో సిక్కింలో దక్షిణ లోనాక్ సరస్సు తెగి, దిగువన తీస్తా నదిపై ఉన్న ఆనకట్టనే ఊడ్చుకుపోయింది.

అందుచేత వానాకాలంలో ఆ లోయల్లోకి వెళ్లేవారు వాతావరణ హెచ్చరికలను తప్పక పాటించాలి. వాగు ఒడ్డున గుడారం వేయరాదు. ప్రయాణం ఆపమని అధికారులు చెప్పినప్పుడు, టికెట్టు డబ్బులు పోతాయని వాదులాడడం తగదు.

ఎక్కే పద్ధతి

మూడు వేల మీటర్లు దాటిన తరువాత, నిన్న పడుకున్న చోటికన్నా ఈ రోజు పడుకునే చోటు 500 మీటర్లకు మించి ఎత్తు ఉండకూడదు. మూడు నాలుగు రోజులకు ఒక రోజు పూర్తిగా ఆగాలి. మద్యం, నిద్రమాత్రలు పనికిరావు. గుండె జబ్బు, బీపీ, ఉబ్బసం ఉన్నవారు ముందే డాక్టరును అడగాలి. కొండ జబ్బుకు ముందుజాగ్రత్త మాత్రలు ఉన్నా వాటినీ డాక్టరు చెబితేనే వాడాలి. హెలికాప్టర్‌లో కేదారనాథ్ చేరేవారికి కాళ్ల నొప్పులు తప్పుతాయి కాని, పలచని గాలి తప్పదు. పది నిమిషాల్లో అంత ఎత్తుకు చేరిన శరీరానికి సర్దుకునే వ్యవధి ఉండదు.

వెయ్యి మీటర్లు ఎక్కితే చలి ఆరు డిగ్రీలకు పైగా పెరుగుతుంది. తడిస్తే మరీ ప్రమాదం. ఉన్ని బట్టలు, వాన కోటు, అలవాటైన బూట్లు ఉండాలి. బయలుదేరే ముందు రెండు మూడు నెలలు రోజూ నడవాలి. గూడెం గుట్టో, మందమర్రి దగ్గరి గాంధారి ఖిల్లానో అప్పుడప్పుడూ ఎక్కితే కాళ్లు, ఊపిరి గట్టిపడతాయి. అయితే పలచని గాలికి అలవాటుపడడం అన్నది ఆ ఎత్తున నెమ్మదిగా ఉంటేనే వస్తుంది.

మైదానాల వాళ్లం మనవల్ల కాదనుకోనవసరం లేదు. నిజామాబాద్ జిల్లా పాకాలకు చెందిన మాలావత్ పూర్ణ 2014 మే 25న, పద్నాలుగేళ్లు నిండకముందే ఎవరెస్టు ఎక్కింది. గిరిజన రైతు కుటుంబం ఆమెది. ఆమె ఒక్కసారిగా ఎవరెస్టుకు పోలేదు. భువనగిరి గుట్టపై మొదలుపెట్టి డార్జిలింగ్, లడఖ్‌లలో శిక్షణ పొంది, మెట్టు మెట్టుగా ఎదిగింది.

వెనుదిరిగినా తక్కువ కాదు

విదేశాంగ శాఖ నడిపే మానస సరోవర యాత్ర 1981లో మొదలైంది. 2020లో ఆగి, 2025లో తిరిగి ప్రారంభమైంది. ఈ యాత్రకు ఎంపికైనవారికి ఢిల్లీలో వైద్య పరీక్షలు చేస్తారు. లిపులేఖ్ దారిలో వెళ్లేవారికి గుంజి వద్ద మరోసారి చేస్తారు. తట్టుకోలేరని తేలితే అక్కడి నుంచే వెనక్కి పంపుతారు.

ఏళ్ల తరబడి కూడబెట్టిన డబ్బు, ఊరంతా కొబ్బరికాయలు కొట్టి సాగనంపిన గౌరవం, దర్శనం కాకుండా వస్తే నలుగురూ ఏమంటారోనన్న బెరుకు యాత్రికుణ్ణి ముందుకు తోస్తాయి. తలనొప్పిని దాచిపెట్టేలా చేసేది ఈ బెరుకే. సరస్సు వచ్చే ఏడాదీ అక్కడే ఉంటుంది. అందుకే బతికి తిరిగొచ్చిన మనిషిని ఊరు 'దర్శనం అయిందా?' అని అడగడానికి ముందు 'ఒంట్లో బాగుందా?' అని పలకరిస్తే, ఆ మాట మరో యాత్రికుని ప్రాణం కాపాడుతుంది.