శాస్త్రిగారికి గొంతు దొరికిన కథ

కట్టుకునే బట్టలకు ఉన్నట్టే పాటలకూ ఫాషన్లు ఉంటాయి. 1979 ప్రాంతాల ప్రపంచమంతా కట్టుకున్న ఫాషను పేరు డిస్కో. అమెరికాలో నల్లజాతివారి ప్రార్థన మందిరాల భక్తిగానంలోంచి 'సోల్' అనే సంగీతం పుట్టింది. సోల్ అంటే ఆత్మ. దానికి ఆగని తాళం తగిలించి, రంగురంగుల దీపాల కింద యువతీయువకులు తెల్లవార్లూ చిందులు వేయడానికి తయారుచేసిన పాటే డిస్కో. 1977లో వచ్చిన 'సాటర్‌డే నైట్ ఫీవర్' సినిమాతో అది ఊరూరా పాకింది. 1980లో 'కుర్బానీ' ద్వారా బొంబాయి చేరింది. ఆ పాటకు బాణీ కట్టిన బిడ్డూ బెంగుళూరులో పుట్టి లండనులో పేరు తెచ్చుకున్నవాడు.

ఆ కాలపు పాటల్లో ఈనాటికీ వినిపించేది గ్లోరియా గేనర్ పాడిన 'ఐ విల్ సర్వైవ్'. దాని కథ చిత్రమైనది. ఆమె వేదిక మీద పడిపోయి, వెన్నుకు శస్త్రచికిత్స జరిగి, నడుముకు పట్టీ కట్టుకుని నిలబడి ఆ పాట పాడింది. పాట రాసినవారిలో ఒకరైన డీనో ఫెకారిస్ అంతకు ముందే కొలువు పోగొట్టుకున్న మనిషి. రికార్డు కంపెనీవారికి ఆ పాట మీద గురి లేదు. రికార్డుకు ముందువైపు వేరే పాట వేసి దీన్ని వెనకవైపుకు తోశారు. నాట్యశాలల్లో రికార్డులు వేసేవారే దాన్ని తిరగేసి వినిపించారు. 1979 మార్చికి అది అమెరికాలో మొదటి స్థానంలో ఉన్నది. 1980 ఫిబ్రవరి 27న ఉత్తమ డిస్కో గీతంగా గ్రామీ బహుమతి అందుకున్నది. ఆ విభాగంలో బహుమతి ఇవ్వడం అదే మొదలు, అదే ఆఖరు.

సరిగ్గా అదే నెల రెండవ తేదీన మన తెలుగునాట ఒక సినిమా విడుదలయింది. దాని పేరు 'శంకరాభరణం'. పాఠకులు నవ్వుకోవచ్చు, డిస్కోకూ శంకరాభరణానికీ ఏమిటి చుట్టరికమని! ఎవరికీ గురి లేని పాటను జనమే తిరగేసి విని నెత్తిన పెట్టుకోవడం, ఇదీ చుట్టరికం. ఆ సినిమాకూ నాకూ ఇంచుమించు ఒకే వయసు. అందుచేత దాని పుట్టుక కథ నేను పెద్దలవల్ల విన్నదే, తరువాత చదివి తెలుసుకున్నదే.

ముగ్గురు మనుషులు, రెండు పాటలు

శంకరాభరణం పాటలకు మాట వేటూరి సుందరరామ్మూర్తిది, బాణీ కె.వి. మహదేవన్‌ది, గొంతు ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యంది. ఇది అందరికీ తెలిసిన సంగతి. అందరూ గుర్తుపెట్టుకోని సంగతి మరొకటి ఉన్నది. 1977లో 'అడవిరాముడు' సినిమాలో తెలుగుదేశాన్ని ఊపేసిన 'ఆరేసుకోబోయి' పాటకూ వీరే ముగ్గురు! సుశీలగారు తోడు పాడారు. ఆ పాట విని ముక్కు చిట్లించిన పెద్దమనుషులే మూడేళ్ళ తరువాత 'శంకరా నాదశరీరాపరా' విని చేతులు జోడించారు. వంటవాడు ఒకడే. ఒకనాడు మిరపకాయ బజ్జీ వేశాడు, ఒకనాడు పులిహోర కలిపాడు.

వేటూరి సినిమాల్లోకి రాక ముందు పత్రికల్లో పనిచేసినవారు. 1974లో 'ఓ సీత కథ'కు పాట రాయించి ఆయనను పరిచయం చేసినది కె. విశ్వనాథ్‌గారే. ఆ విశ్వనాథ్‌గారు ఒక ముసలి సంగీత విద్వాంసుణ్ణి కథానాయకుణ్ణి చేసి సినిమా తీస్తానన్నారు. పోట్లాటలు లేవు. నాయకుడికి యుగళగీతాలు లేవు. వేషానికి ఎంచుకున్న జె.వి. సోమయాజులుగారు డిప్యూటీ కలెక్టరు ఉద్యోగం చేస్తూ నాటకాలాడిన మనిషి. నాయికగా మంజుభార్గవి. అట్లాంటి సినిమాకు పెట్టుబడి పెట్టడానికి ఏడిద నాగేశ్వరరావుగారు ఒప్పుకోవడమే సాహసం.

ఇక అసలు చిక్కు. శంకరశాస్త్రికి గొంతు ఎవరిది?

పాడేవాడు దొరకాలి

సంగీతం చుట్టూ తిరిగే కథ గనుక మంగళంపల్లి బాలమురళీకృష్ణగారి పేరు మొదట తలపుకు వచ్చిందని చెబుతారు. రావడం సహజమే. బాలుగారికా శాస్త్రీయ శిక్షణ లేదు. ఆ మాట ఆయనే ప్రతి సభలోనూ దాపరికం లేకుండా చెప్పుకున్నారు. తండ్రి సాంబమూర్తిగారు నెల్లూరులో పేరున్న హరికథకులు. ఇంట్లో పాట ఉన్నదేగాని పాఠం లేదు. కొడుకు ఇంజనీరు కావాలని మన అనంతపురం ఇంజనీరింగు కాలేజీలో చేరాడు. టైఫాయిడ్ వచ్చి ఆ చదువు మధ్యలో ఆగింది. తరువాత మద్రాసు చేరి, 1966లో కోదండపాణిగారి చలవవల్ల సినిమా పాట పాడాడు. 1979 నాటికి ఆయనకు 33 ఏళ్ళు. శంకరశాస్త్రి వేషం వేసిన సోమయాజులుగారు యాభై దాటిన మనిషి. కుర్రకారు పాటలకు పేరుపడిన గొంతు, సరిగమల పాఠం చదవని గొంతు, ఒక మహావిద్వాంసుడి నోట పలకాలి.

బాలుగారు వెనకాడారు. వెనకాడనివారు మహదేవన్‌గారూ, ఆయన సహాయకుడు పుహళేందిగారూ. మహదేవన్‌గారిది నాగర్‌కోవిల్ వైపు. మాతృభాష తెలుగు కాదు. అయినా ఆయన పద్ధతి ఏమిటంటే, ముందు కవి పాట రాసి ఇవ్వాలి, ఆ మాటల నడకను పట్టుకుని అప్పుడు బాణీ కడతారు. బాణీ ముందు కట్టి, అందులో మాటలు కుక్కించే ఆనవాయితీ ఆయనకు రుచించదు. ఉత్తమ సంగీత దర్శకుడికి జాతీయ బహుమతి అనేది మొట్టమొదట పెట్టినప్పుడు, 1967 సంవత్సరానికి, తమిళ 'కందన్ కరుణై' సినిమాకు దానిని అందుకున్నవారు ఆయనే. ఆ పెద్దాయనకు కుడిభుజం పుహళేంది. మలయాళదేశం మనిషి. బాలుగారిని కూర్చోబెట్టుకుని, పాటలోని ఒక్కొక్క సంగతీ విడదీసి, గొంతుకు పట్టేదాకా చెప్పి, పాడించినది ఆయన. సినిమా చూసి జనం జేజేలు పలికినది తెర మీద సోమయాజులుగారికీ, తెర వెనక బాలుగారికీ. ఆ వెనక మరో తెర ఉన్నదనీ, దాని చాటున పుహళేంది ఉన్నాడనీ ఎంతమందికి తెలుసు?

పాటలో ఏమున్నది?

నేను తెలుగు పాఠం చెప్పి బతికేవాణ్ణి గనుక ఒక ముక్క చెప్పనివ్వండి. 'నాదశరీరుడు' అంటే నాదమే శరీరంగా కలవాడు. శివుణ్ణి ఇట్లా ఊహించడం మనవారికి కొత్త కాదు. త్యాగరాజస్వామి చిత్తరంజని రాగ కృతిలో శంకరుణ్ణి నాదమే తనువుగా కలవాడని కొలిచాడు. వేటూరి ఆ భావాన్ని అందుకుని కొత్త సమాసంలో పోత పోశారు. మరో పాట 'ఓంకారనాదానుసంధానమౌ గానమే'. సమాసం నోరు తిరగనంత పొడుగు. పరీక్షలో విగ్రహవాక్యం రాయమంటే మా పిల్లలు తెల్లమొహం వేస్తారు. అదే పాటగా వినిపిస్తే కూనిరాగం తీస్తారు. మాట రాసినవాడూ బాణీ కట్టినవాడూ ఒకరినొకరు ఎరిగి ఉంటే సమాసం కూడా తేలికవుతుందన్నమాట.

మొదటి పాటది మధ్యమావతి రాగం. అయిదే స్వరాలు. కచేరీ చివర మంగళానికి పాడే రాగం. పల్లె పాటల్లో కూడా ఆ ఛాయ వినిపిస్తుంది గనుక అది మనకు పరాయిగా తోచదు. రెండవ పాటది శంకరాభరణ రాగం. ఇందులో తమాషా ఉన్నది. పాశ్చాత్యులు 'మేజర్ స్కేల్' అని పిల్లలకు మొదట నేర్పే స్వరాలూ, మన శంకరాభరణం స్వరాలూ ఒకటే. సినిమాలో గిటారులు పట్టుకుని వచ్చిన కుర్రకారు శాస్త్రిగారిని వెక్కిరిస్తారు. ఆయన వాళ్ళ పాటనే స్వరాలు కట్టి పాడి వినిపిస్తాడు. అంటే శాస్త్రిగారికి తగవు పరదేశపు పాటతో కాదు. శ్రద్ధ లేకపోవడంతో.

సినిమా విడుదలైన కొత్తల్లో హాళ్ళు నిండలేదు. కొనడానికి ముందుకు వచ్చినవారూ తక్కువే. చూసినవారు ఇంటికి పోయి చెప్పారు. విన్నవారు అమ్మమ్మలను వెంటపెట్టుకుని వచ్చారు. కొద్దివారాలకు టిక్కెట్టు దొరకని పరిస్థితి. తమిళ, కన్నడ, మలయాళ దేశాల్లో కూడా ఆ తెలుగు పాటలు మారుమోగాయి. 1979 సంవత్సరపు జాతీయ బహుమతుల్లో జనాదరణ పొందిన ఉత్తమ చిత్రంగా దానికి స్వర్ణకమలం వచ్చింది. మహదేవన్‌గారికీ, వాణీజయరాంగారికీ బహుమతులు వచ్చాయి. ఉత్తమ గాయకుడు బాలసుబ్రహ్మణ్యం, 'ఓంకారనాదాను' పాటకు. శాస్త్రం నేర్వని ఆయనకు మొదటి జాతీయ బహుమతి శాస్త్రీయ గీతానికి వచ్చింది! తరువాత మరి అయిదు వచ్చాయి. 1981లో ఫ్రాన్సులోని బెజాన్‌సోన్ చిత్రోత్సవంలో ప్రేక్షకుల బహుమతి కూడా ఈ సినిమాకే.

మా ఊళ్ళో

మా బద్వేలు నుంచి తూర్పుగా పోయే రోడ్డు ఆత్మకూరు మీదుగా నెల్లూరు చేరుతుంది. అందుచేత బాలుగారిని మావాడే అనుకునే హక్కు మాకు కొంత ఉన్నది. నా చిన్నప్పుడు శివరాత్రికీ, కార్తీక సోమవారాలకూ గుళ్ళో మైకుసెట్టువాడు తెల్లవారకముందే వేసే టేపు ఇదే. సేద్యానికి పోయేవారూ, నీళ్ళ బిందెలతో వరసలో నిలబడినవారూ ఆ పాట వింటూనే ఉండేవారు. ఇది ఏ రాగమో వారికి తెలియదు. ఎక్కడ గొంతు పైకి పోతుందో, ఎక్కడ ఊపిరి ఆగుతుందో తెలుసు. అక్కడికి వచ్చేసరికి పని చేసే చెయ్యి ఒక్క క్షణం నిలిచేది.

మూడేళ్ళ కింద మా కాలేజీలో బి.ఏ. చదివే ఒక అమ్మాయి పొరుగూరి పోటీలో ఈ పాట పాడింది. ఆమె తాత చెక్కభజన గురువు. ఇంట్లో బ్రహ్మంగారి తత్త్వాలు తప్ప వేరే సంగీతం లేదు. న్యాయనిర్ణేతలలో ఒకాయన, "గొంతు బాగుందిగాని గురుముఖం లేదు. ఇట్లాంటి పాటలు నీకెందుకమ్మా?" అన్నారట. ఆ పిల్ల సోమవారం వచ్చి నా బల్ల ముందు నిలబడింది.

"సార్, ఆ పాట మాలాంటోళ్ళు పాడగూడదా? మా తాత పాడతాడే!"

నేను ఉత్సాహంగా బాలుగారి కథ అంతా చెప్పాను. శాస్త్రం నేర్వకుండానే జాతీయ బహుమతి తెచ్చుకున్నాడు చూడమన్నాను. ఆ పిల్ల శ్రద్ధగా విన్నది. విని, "ఆయప్పకు పుహళేంది ఉండె గదా సార్. నాకెవురుండారు?" అన్నది.

నా దగ్గర జవాబు లేదు. కథ చెప్పినంత సులభం కాదు, కథలోని మనిషిని వెతికి తేవడం.

ఆ ప్రశ్న నన్ను చాలా దినాలు వదల్లేదు. న్యాయనిర్ణేత మాటలో సగం నిజం ఉన్నది. గురువు కావాలి. తప్పు ఎక్కడంటే, గురువు లేదు గనుక పాట మానుకో అనడంలో. శంకరాభరణం కథే అందుకు సాక్ష్యం. సినిమా చివర శాస్త్రిగారు 'దొరకునా ఇటువంటి సేవ' పాడుతూ పాడుతూ కుప్పకూలిపోతాడు. పాట ఆగదు. కళావంతుల ఇంటి బిడ్డ, సభలో ఏ పెద్దమనిషీ పక్కన కూర్చోబెట్టుకోని పిల్లవాడు, దానిని అందుకుని పూర్తిచేస్తాడు. ఆ బాలుడి వేషం వేసినది తులసి, గొంతు వాణీజయరాంగారిది. సంగీతం ఎవరిదని సినిమా అడిగిన ప్రశ్నకు జవాబు అక్కడ ఉన్నది.

చివరకు మాకు దొరికినవాడు ఒక దేవాలయంలో నాదస్వరం వాయించే వృద్ధుడు. పెళ్ళిళ్ళ సీజను పోగా మిగిలిన ఆదివారాలు రమ్మన్నాడు. జీతం అడగలేదు. "పాట వదిలిపెట్టి సరళీ స్వరాలు మొదలుపెట్టాల, ఏడాది దాకా ఆ శంకరా ఎత్తగూడదు" అని షరతు పెట్టాడు. ఆ పిల్ల మొదటి నెల ఏడ్చింది, రెండవ నెల అలవాటుపడింది. ఏడాదిన్నర తరువాత కాలేజీ వార్షికోత్సవంలో ఆ పాట ఎత్తుకుంది. ఒకచోట సంగతి తప్పింది. ముందు వరసలో కూర్చున్న ఆ వృద్ధుడు తొడ మీద తాళం ఆపలేదు. ఆ పిల్ల మళ్ళీ దారిలోకి వచ్చింది.

బాలుగారు 2020 సెప్టెంబరు 25న వెళ్ళిపోయారు. వేటూరి, మహదేవన్ అంతకు చాలా ముందే వెళ్ళారు. విశ్వనాథ్‌గారు 2023 ఫిబ్రవరి 2న, శంకరాభరణం విడుదలైన తేదీనాడే కన్నుమూశారు. రెండు రోజులకు వాణీజయరాంగారు. ఆ వారంలో మా ఊరి గుడి మైకు వారం పొడుగునా అదే పాట వేసింది.

ఆ అమ్మాయికి ఇప్పుడు ఇద్దరు శిష్యురాళ్ళు. వాళ్ళ ఊళ్ళోనే, తాతగారి చెక్కభజన అరుగు మీద, ఆదివారం పొద్దున సరళీ స్వరాలు చెబుతున్నది. 'శంకరా' ఎప్పుడు నేర్పుతావక్కా అని ఆ పిల్లలు అడిగితే, ఏడాది ఆగమంటున్నదట.